ఎక్కడంటే... కరగండలో!

అందరికీ నమస్కారం.

ఫుట్‌బాల్ అనగానే బార్సిలోనా గురించో మాంచెస్టర్ గురించో చెబుతానని వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ముందే క్షమించమంటున్నాను. ఈ పూట నేను మాట్లాడేది కజకిస్తాన్‌లో ఒక బొగ్గుబాయిల ఊరు, ఆ ఊరి జట్టు గురించి. జట్టు పేరు షాఖ్త్యోర్. రష్యన్‌లో ఆ మాటకు గని కార్మికుడు అని అర్థం. ఊరి పేరు కరగండ.

రష్యన్ తెలిసినవాళ్లకు ఈ ఊరు పేరు ఒక ప్రాసగా తెలుసు. ఎవరైనా "ఎక్కడ, ఎక్కడ?" అని ప్రాణం తీస్తుంటే "గ్దే-గ్దే? వ్ కరగందే!" అంటారు. "ఎక్కడేంటి, కరగండలో!" అన్నమాట. ఎవరికీ పట్టని, ఎటు చూసినా గడ్డి మైదానమే కనిపించే దూరపు చోటు అని దాని వెనక ఉన్న వెక్కిరింపు. ఊరివాళ్లు మాత్రం నొచ్చుకోలేదు. ఆ జవాబుకు ఊళ్లో ఒక విగ్రహమే పెట్టుకున్నారు. ఇలాంటి ఊరికి ఒక ఫుట్‌బాల్ జట్టు ఎందుకు అంత ముఖ్యమో ఇక్కడే సగం అర్థమవుతుంది.

కరగండకు నగర హోదా వచ్చింది 1934లో. అక్కడికి జనం ఇష్టపడి వచ్చింది తక్కువ, తోలుకొచ్చింది ఎక్కువ. పక్కనే దోలింకా గ్రామం కేంద్రంగా 'కర్లాగ్' అనే పెద్ద నిర్బంధ శిబిరాల వ్యవస్థ నడిచింది. 1937లో సోవియట్ దూర ప్రాచ్యం నుంచి కొరియన్లను, 1941లో వోల్గా తీరం నుంచి జర్మన్లను రైళ్లలో కుక్కి కజకిస్తాన్‌కు పంపారు. వాళ్లలో చాలామంది ఈ బొగ్గు ప్రాంతంలో తేలారు. బాక్సింగ్ చూసేవాళ్లకు గెన్నాదీ గొలోవ్‌కిన్ తెలిసే ఉంటాడు. ఆయన ఈ ఊరివాడే. తండ్రి రష్యన్, బొగ్గు గనిలో పనిచేశాడు. తల్లి కొరియన్. ఆ ఒక్క ఇంట్లోనే కరగండ మొత్తం కనిపిస్తుంది.

షాఖ్త్యోర్ జట్టు 1958లో పుట్టింది. ఆ రోజుల్లో జట్టు పేరు చూస్తే ఖర్చు ఎవరు పెడుతున్నారో తెలిసిపోయేది. రైల్వేవాళ్లదైతే లోకోమోతివ్, సైన్యానిదైతే సీఎస్‌కేఏ, గనులదైతే షాఖ్త్యోర్. ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్ జట్టుదీ ఇదే పేరు, ఇవే రంగులు: నారింజ, నలుపు. సోవియట్ కాలమంతా కరగండ జట్టు కింది లీగుల్లోనే గడిపింది. కజకిస్తాన్ నుంచి సోవియట్ అగ్ర లీగ్‌లో ఆడిన ఒకే ఒక్క జట్టు ఆల్మా-అతా (ఇప్పటి ఆల్మాటీ) నగరానికి చెందిన కైరాత్. ఈ కైరాత్ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

1991లో సోవియట్ యూనియన్ పోయింది. 1992లో కజకిస్తాన్ సొంత లీగ్ పెట్టుకుంది. గనులకు జీతాలివ్వడమే కష్టమైనప్పుడు బంతాటకు డబ్బెక్కడిది? సరిగ్గా ఇక్కడ మన దేశపు మనిషి కథలోకి వస్తాడు. రాజస్థాన్‌లో పుట్టిన లక్ష్మీ మిత్తల్ కంపెనీ ఇస్పాత్ 1995లో కరగండ పక్కన తెమిర్తౌలోని కర్మెత్ ఉక్కు ఫ్యాక్టరీని కొంది. మరుసటి ఏడాది బొగ్గు గనులూ దాని చేతికొచ్చాయి. 1990ల చివర్లో కొంతకాలం జట్టు పేరు 'షాఖ్త్యోర్-ఇస్పాత్-కర్మెత్'. ఇస్పాత్ అంటే హిందీలో ఉక్కు. రష్యన్ గని కార్మికుడి పేరుకు హిందీ ఉక్కు అతుక్కుంది! అప్పటి స్కోరు పట్టికల్లో ఆ పేరు మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను.

తర్వాత ఇస్పాత్ పోయి షాఖ్త్యోర్ ఒక్కటే మిగిలింది. అక్కడి చాలా క్లబ్బుల్లాగే దీనికీ ప్రాంతీయ పాలనా యంత్రాంగం, అంటే అకిమాత్, ఇచ్చే డబ్బే ఆధారమైంది. మన లెక్కలో జిల్లా కలెక్టరేట్ బడ్జెట్‌తో ప్రొఫెషనల్ జట్టు నడవడం లాంటిది. నా దృష్టిలో ఈ క్లబ్ చరిత్ర అంటే ఈ డబ్బు చేతులు మారిన చరిత్రే. కోచ్‌లు, గోల్స్, కప్పులు అన్నీ దాని తర్వాతే.

చాలాకాలం కప్పులు ఎలాగూ లేవు. 1995, 2007, 2009లలో మూడో స్థానం. 2009, 2010 కజకిస్తాన్ కప్ ఫైనళ్లలో వరసగా రెండుసార్లు ఒకే గోల్ తేడాతో ఓటమి. చివరికి 2011లో వ్లదీమిర్ చెబూరిన్ కోచ్‌గా ఉండగా మొదటిసారి లీగ్ గెలిచారు. అదే ఏడాది యూరప్ రెండో స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్ క్వాలిఫయింగ్‌లో ఐర్లండ్‌కు చెందిన సెయింట్ పాట్రిక్స్ చేతిలో ఓడారు, ఆ సంగతి కూడా చెప్పాలి. 2012లో విక్తోర్ కుమికోవ్ కోచ్‌గా వచ్చి రెండో టైటిల్ తెచ్చాడు.

ఇక 2013 ఆగస్టు. ఈ ప్రసంగం ఒప్పుకున్నదే ఆ నెల కోసం.

కజకిస్తాన్ 2002లో ఆసియా సమాఖ్య వదిలి యూరప్ సమాఖ్యలో చేరింది. పదకొండేళ్లలో ఒక్క కజక్ క్లబ్ కూడా యూరప్ పోటీల్లో గ్రూప్ దశకు చేరలేదు. ఆ ఏడాది చాంపియన్స్ లీగ్ క్వాలిఫయింగ్‌లో షాఖ్త్యోర్ ముందు బెలారస్ చాంపియన్ బాతె బొరీసొవ్‌ను అక్కడా 1-0, ఇక్కడా 1-0 ఓడించింది. తర్వాత అల్బేనియా జట్టు స్కెందెర్బెవు మీద ఇంట్లో 3-0 గెలిచి, బయట 2-3 ఓడి, మొత్తం మీద గట్టెక్కింది. ఆఖరి మెట్టు మీద ఎదురుపడింది స్కాట్లండ్ జట్టు గ్లాస్గో సెల్టిక్. 1967లో యూరప్ కప్ గెలిచిన క్లబ్. అంతకు తొమ్మిది నెలల ముందే బార్సిలోనాను ఓడించిన జట్టు.

కరగండ స్టేడియం ఆ స్థాయి మ్యాచ్‌కు పనికిరాదు. అందుకని ఆగస్టు 20న రాజధాని అస్తానాలో ఆడారు. కరగండ నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. మ్యాచ్‌కు ముందు క్లబ్‌వాళ్లు ఒక గొర్రెను బలిచ్చారు. బ్రిటిష్ పేపర్లకు ఇంకేం కావాలి! ఆట పక్కకు పోయి గొర్రె హెడ్‌లైన్ అయింది. జంతు హక్కుల సంస్థ పెటా యూరప్ సమాఖ్యకు ఫిర్యాదు చేసింది. పెద్దపని ముందు బలివ్వడం కజక్‌ల పాత ఆచారం. మన జాతరల్లో వేట కోయడం చూసినవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. సమర్థించడానికి చెప్పడం లేదు. పెద్ద జట్టును ఓడించిన సంగతి వదిలేసి గొర్రె మీదే పడటం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు.

ఎందుకంటే ఓడించారు మరి. పన్నెండో నిమిషంలో అంద్రేయ్ ఫినోన్‌చెంకో గోల్ కొట్టాడు. ఇతను బయటినుంచి కొనితెచ్చిన ఆటగాడు కాదు. కరగండలో పుట్టి, కెరీర్ దాదాపు మొత్తం ఈ జట్టులోనే గడిపినవాడు. 2003లో 18 గోల్స్‌తో లీగ్‌లో టాప్ స్కోరర్. క్లబ్ కష్టాల్లో ఉన్నప్పుడు ఉన్నాడు, టైటిల్స్ వచ్చినప్పుడూ ఉన్నాడు. 77వ నిమిషంలో సెర్గేయ్ ఖిజ్నిచెంకో రెండోది కొట్టాడు. 2-0. దాదాపు అయిదు వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన సెల్టిక్ అభిమానులు మాట లేకుండా నిలబడ్డారు.

ఎనిమిది రోజుల తర్వాత గ్లాస్గో. అక్కడ ఒక గోల్ తేడాతో ఓడినా చాంపియన్స్ లీగ్ వచ్చినట్టే. ఫస్ట్ హాఫ్ ముగిసేదాకా గోడ కట్టినట్టు నిలబడ్డారు. విశ్రాంతికి అరనిమిషమో నిమిషమో ఉందనగా సెల్టిక్ ఆటగాడు క్రిస్ కామన్స్ దూరం నుంచి గోల్ కొట్టాడు. రెండో సగం మొదలైన మూడో నిమిషంలో సమరాస్ రెండోది కొట్టాడు. రెండు మ్యాచ్‌లూ కలిపి లెక్క 2-2. అక్కణ్నుంచి ఆటంతా టెన్షనే. ఎక్స్‌ట్రా టైమ్ తప్పదని అందరూ అనుకుంటుండగా, 90 నిమిషాలు దాటాక జేమ్స్ ఫారెస్ట్ మూడోది కొట్టాడు. అంతే. ఆ మ్యాచ్ నేను రికార్డింగ్‌లో చూశాను, ఫలితం ముందే తెలిసి కూడా ఆ చివరి నిమిషాలు చూడటం కష్టంగానే ఉంది.

ఓడినవాళ్లకు యూరోపా లీగ్ గ్రూప్ దక్కింది. కజక్ క్లబ్‌లలో అక్కడికి చేరిన మొదటిది షాఖ్త్యోర్. నెదర్లాండ్స్ జట్టు ఏజెడ్‌తో 1-1, ఇజ్రాయెల్ జట్టు మక్కాబీ హైఫాతో 2-2. మిగతావన్నీ ఓటములు, రెండు పాయింట్లతో ఆఖరి స్థానం. అదే ఏడాది దేశవాళీ కప్ మాత్రం గెలిచారు. 2014లో క్రొయేషియా జట్టు హైదుక్ స్ప్లిట్ మీద ఇంట్లో 4-2 గెలిచి, బయట 0-3 ఓడారు. రెండు గోల్స్ ఆధిక్యంతో విమానమెక్కడం, మూడు తిని ఇంటికి రావడం. ఒకే ఊరికి వరసగా రెండేళ్లు ఒకే దెబ్బ.

ఆ తర్వాత జారుడే. 2011, 2012లలో చాంపియన్ అయిన జట్టు లీగ్ మధ్యలోకి, మధ్యలోంచి కిందికి దిగుతూ వచ్చింది. బడ్జెట్ డబ్బు మీద బతికే జట్టుకు బడ్జెట్ మారితే ఏమవుతుందో అదే అయింది. అవతల గనుల్లో పరిస్థితి ఇంకా ఘోరం. 2006లో లెనిన్ గనిలో 41 మంది చనిపోయారు. 2023 అక్టోబర్ 28న కరగండలోని కొస్తెంకో గనిలో జరిగిన ప్రమాదంలో 46 మంది చనిపోయారు. దాంతో మిత్తల్ కంపెనీ కజకిస్తాన్ నుంచి వైదొలగింది, ఫ్యాక్టరీ కజక్ యజమానుల చేతికి పోయి మళ్లీ 'కర్మెత్' అయింది. 2024 సీజన్ ముగిసేసరికి షాఖ్త్యోర్ ప్రీమియర్ లీగ్ నుంచి కింది లీగ్‌కు పడిపోయింది.

2025 ఆగస్టులో చాంపియన్స్ లీగ్ ఆఖరి మెట్టు మీద సెల్టిక్‌కు మళ్లీ ఒక కజక్ జట్టు తగిలింది. ఈసారి ఆల్మాటీ కైరాత్. రెండు మ్యాచ్‌లూ 0-0. పెనాల్టీల్లో కైరాత్ 3-2తో గెలిచింది. పన్నెండేళ్ల కిందట గ్లాస్గోలో ఆ ఆఖరి గోల్ కొట్టిన జేమ్స్ ఫారెస్ట్ అప్పటికీ సెల్టిక్‌లోనే ఉన్నాడు. షాఖ్త్యోర్ మాత్రం అప్పటికి అగ్ర లీగ్‌లో లేదు.

నమస్కారం.