ఐదుగురు తక్కువయ్యారు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, నన్ను పిలిచిన మాస్టారికి, ఇంత ఎండలో పని మానుకుని వచ్చిన మీ అందరికీ. చిన్నప్పుడు అదిగో ఆ కిటికీ పక్క బల్ల మీదే కూర్చుని ఎంసెట్‌కి చదువుకున్నాను, ఆ సంగతులు మొదలుపెడితే చీకటి పడిపోతుంది కాబట్టి వదిలేస్తున్నాను. మాస్టారు నాకిచ్చిన అంశం "అమెరికాలో అధ్యక్ష అభ్యర్థిని ఎలా ఎంచుకుంటారు" అని. అది చెప్తాను. కానీ నేను అసలు చెప్పాలనుకుని వచ్చింది ఒక్క రాత్రి గురించి, ముందే చెప్పేస్తున్నాను.

నేనుండేది అయోవా రాష్ట్రంలో, డెమోయిన్ పక్కన ఒక చిన్న ఊరు. ఎటు చూసినా మొక్కజొన్న, సోయా. మందుల షాపులో ఫార్మసిస్టుని. ఈసారి ఇండియా వచ్చిన దగ్గర్నుంచీ పెళ్లిలో, గుడిలో, ఆఖరికి ఆటోలో కూడా నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు, "కమలా హారిస్ మనమ్మాయే కదమ్మా, ఆవిడకేనా నువ్వేసింది?" అని. వాళ్లమ్మ శ్యామలా గోపాలన్ గారు మద్రాసు నుంచి వెళ్లిన క్యాన్సర్ శాస్త్రవేత్త, ఆ అభిమానం నాకూ ఉంది. 2024 నవంబరులో ఆవిడకే వేశాను. కానీ ఆవిడ పార్టీవాళ్లు, డెమోక్రాట్లు, తమలో తాము పోటీపడి మనిషిని ఎంచుకున్నది 2020లో. మా అయోవాలో ఓటు ఫిబ్రవరి 3న. ఆవిడ అంతకు రెండు నెలల ముందే, 2019 డిసెంబర్ 3న, ప్రచారానికి డబ్బు చాలక తప్పుకున్నారు. నా వంతు వచ్చేసరికి ఆవిడ బరిలోనే లేరు.

ఆవిడ గురించి మనవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది, ఎవరూ అడగలేదు. మీ పిల్లలు ఎంతమంది హెచ్‌1బి మీద ఉన్నారు? చేతులెత్తండి. చూశారా. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అని హద్దు ఉంది, దాని వల్లే మన పిల్లలు ఏళ్ల తరబడి క్యూలో ఉన్నారు. ఆ హద్దు తీసెయ్యాలని 2019లో సెనేట్‌లో బిల్లు పెట్టినప్పుడు ఎదుటి పార్టీ రిపబ్లికన్ సెనేటర్ మైక్ లీతో పాటు ముందు నిలబడింది కమలా హారిస్. ప్రతినిధుల సభలో అలాంటి బిల్లే 365-65 ఓట్లతో నెగ్గింది, చివరికి చట్టం మాత్రం కాలేదు. మనిషిని తూచాలంటే ఇలాంటివి కదా చూడాలి. తల్లి ఊరు చూసి ఎలా తూస్తాం?

సరే, పద్ధతి. మన దగ్గర టికెట్ ఎలా వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అధిష్ఠానం చుట్టూ తిరగడం, ఆఖరి రాత్రి దాకా టెన్షన్, బి-ఫారం ఒకరి చేతికి వెళ్లాక ఇంకొకరు రెబల్‌గా నామినేషన్. అక్కడ టికెట్ ఇచ్చేది ఓటర్లు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రోజు పార్టీ మద్దతుదారులు ఓటేస్తారు, అదే ప్రైమరీ. ఆ ఓట్ల ప్రకారం డెలిగేట్లు, అంటే పార్టీ తరఫున అభ్యర్థిని ఖాయం చేసే ప్రతినిధులు, వస్తారు, ఎక్కువమంది డెలిగేట్లు ఎవరి వెనకుంటే వాళ్లే అభ్యర్థి. డెమోక్రాట్లలో 15 శాతం ఓట్లు రాని వాళ్లకి డెలిగేట్లు రారు. ఈ 15 గుర్తుపెట్టుకోండి, దాంతో పని ఉంది.

అయోవాలో మాది ప్రైమరీ కూడా కాదు, కాకస్ అనేవారు. రాత్రి ఏడింటికి బడి జిమ్‌లోనో చర్చిలోనో అందరూ చేరేవారు. బ్యాలెట్ పెట్టె ఉండేది కాదు. మీకు నచ్చిన మనిషి పేరున్న మూలకి వెళ్లి నిలబడాలి, తలలు లెక్కపెట్టేవారు. ఒక్క నిమిషం ఊహించుకోండి, ఈ హాల్లో ఎనభై మంది ఉన్నారనుకుందాం. మీ బావగారు చూస్తుండగా, మీకు అప్పిచ్చినాయన చూస్తుండగా, ఈ కుర్చీలోంచి లేచి ఆ మూలకి నడవగలరా? మీ మూలలో పన్నెండు మంది చేరకపోతే మీ గుంపు లెక్కలోకి రాదు, వేరే చోటికి వెళ్లండి అంటారు. అదీ కాకస్. రాత్రి షిఫ్టు ఉన్నవాళ్లు రాలేకపోయేవారు, పసిపిల్లలున్న వాళ్లు రాలేకపోయేవారు, మా షాపులో నాతో పనిచేసే అమ్మాయి రాలేకపోయింది. ఆ లోపం నేను కాదనను. కానీ నేను 2016లో సిటిజన్ అయ్యాను, నా జీవితంలో మొదటి కాకస్ ఆ 2020దే, దాని కోసం ఏడాది పాటు పరీక్షకి చదివినట్టు చదివాను.

ఇదిగో ఈ నోట్‌బుక్ అప్పటిదే. తొలి డిబేటుకే 20 మంది, మయామీలో రెండు రాత్రులు, రాత్రికి పది మంది చొప్పున. ఇంతమందిని ఎలా పోల్చాలి? పేజీకి ఒక మనిషి పేరు రాసి అందరి కిందా ఒకటే ప్రశ్న రాసుకున్నాను. ఆ ప్రశ్న నాది కాదు, మా కౌంటర్ దగ్గరకి వచ్చిన ఒక కుర్రాడిది.

షుగర్ జబ్బు, చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీదే బతుకుతున్నాడు. అక్కడ 26 ఏళ్ల దాకా తల్లిదండ్రుల ఇన్సూరెన్స్‌లో ఉండొచ్చు, అతనికి ఆ వయసు దాటింది. కొత్తగా చేరిన ఉద్యోగంలో ఇన్సూరెన్స్ లేదు. నేను సీసా సంచిలో పెట్టి, బిల్లు కొట్టి, ధర చెప్పాను. అప్పట్లో ఒక్క సీసా 300 డాలర్లకి దగ్గర. అతను సంచిని రెండు వేళ్లతో మెల్లగా నా వైపుకి తోసి, "సగం సీసా అమ్ముతారా?" అని అడిగాడు. సగం సీసా అమ్మరు. ఆ మాట అతనికి చెప్పింది నేనే. అదే మందు సరిహద్దు దాటితే కెనడాలో దాదాపు పదో వంతుకి దొరికేది. నేను ఫార్మసీ చదివింది మందు ఇవ్వడానికి, ఆ రోజు మందు వెనక్కి తీసుకుని అలమరలో పెట్టుకున్నాను.

అందుకని ప్రతి పేజీలో నా ప్రశ్న, ఈ మనిషి గెలిస్తే ఆ కుర్రాడికి ఏం జరుగుతుంది?

బెర్నీ శాండర్స్, 78 ఏళ్లు, వెర్మాంట్ సెనేటర్. అందరికీ ఒకటే ప్రభుత్వ బీమా, నాలుగేళ్లలో ప్రైవేటు ఇన్సూరెన్స్ స్థానంలో అదే వచ్చేస్తుంది. పన్ను పెరుగుతుందని కూడా ఒప్పుకున్నారు, ప్రీమియం పోతుంది కాబట్టి మొత్తం మీద మిగులే అన్నారు. 2019 జూలైలో షుగర్ రోగుల్ని బస్సులో ఎక్కించుకుని డెట్రాయిట్ నుంచి కెనడా విండ్సర్ వెళ్లి ఇన్సులిన్ కొనిపించారు. ఆ వార్త చదివిన రోజు నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పీట్ బూటజెజ్, 38 ఏళ్లు, ఇండియానాలో సౌత్ బెండ్ అనే ఊరికి మేయర్‌గా చేశారు, అఫ్గానిస్తాన్‌లో సైన్యంలో పనిచేశారు. కావాలనుకున్న వాళ్లకి ప్రభుత్వ బీమా, వద్దన్న వాళ్లు ప్రైవేటులోనే ఉండొచ్చు అన్నారు. మాట తేటగా ఉంటుంది, ఎదుటివాళ్లని నొప్పించరు. ఏమీ క్లోబుచార్, మినసోటా సెనేటర్, మెడికేర్, అంటే వృద్ధులకి ఉండే ప్రభుత్వ బీమా, మందుల ధర మీద కంపెనీలతో బేరమాడాలని పార్లమెంటులో ఎన్నాళ్లుగానో పోరాడుతూ వచ్చిన మనిషి. చిన్న అడుగే, కానీ పడే అడుగు. బైడెన్ సంగతి మీకు తెలుసు, ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టానికే ఇంకో అంతస్తు కడతానన్నారు.

ఎలిజబెత్ వారెన్ దగ్గర నేను ఆగాను. మసాచుసెట్స్ సెనేటర్, అంతకుముందు దివాలా చట్టం చెప్పిన ప్రొఫెసరు. ఆసుపత్రి బిల్లుల వల్ల మామూలు కుటుంబాలు ఎలా దివాలా తీస్తున్నాయో రాజకీయాల్లోకి రాకముందే పరిశోధించారు. 5 కోట్ల డాలర్లు దాటిన ఆస్తి మీద ఏటా 2 శాతం పన్ను అన్నారు, ఆ డబ్బు ఎక్కడ ఖర్చుపెడతారో పద్దుల వారీగా రాసిచ్చారు. ఏది అడిగినా దానికో ప్లాన్ ఉండేది. తడబడలేదా అంటే తడబడ్డారు. శాండర్స్ పథకమే నాదీ అని, 2019 నవంబరులో రెండు వారాల తేడాతో ముందు ఖర్చుల లెక్క, తర్వాత "మొదట కావాలన్న వాళ్లకి, మూడో ఏడాది అందరికీ" అనే సర్దుబాటు తెచ్చేసరికి అటువాళ్లకీ ఇటువాళ్లకీ నమ్మకం సడలింది. అదీ ఈ పేజీలో రాసుకున్నాను. అయినా అన్ని పేజీలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కుర్రాడి సంగతి దగ్గర్నుంచి చూసిన మనిషి ఆవిడే అనిపించింది.

ఇక ఆ రాత్రి. బయట మంచు, లోపల బాస్కెట్‌బాల్ జిమ్, చెక్క నేల మీద బూట్ల తడి. మా గదిలో 240 మంది. 15 శాతం అంటే 36. మా వారెన్ మూలలో లెక్కపెట్టారు, 31.

ఐదుగురు తక్కువ.

పావుగంట టైమిచ్చారు. గట్టెక్కిన గుంపుల వాళ్లు కదలకూడదు, గట్టెక్కని గుంపుల వాళ్లు మాత్రమే అటూ ఇటూ మారొచ్చు. బైడెన్ మూలలో 29 మంది, వాళ్లూ గట్టెక్కలేదు. అందులో మా వీధిలో మూడిళ్ల అవతలుండే పెద్దావిడ ఉంది, రిటైరైన టీచరు, నా పిల్లలకి క్రిస్మస్‌కి స్వెటర్లు అల్లి ఇచ్చిన మనిషి. పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. "ఐదుగురు చాలు, మీరొస్తే ఇంకో నలుగురు వస్తారు" అన్నాను. ఆవిడ ఏమందో తెలుసా? "అందరిలోకీ నాకు నచ్చింది వారెనే. కానీ తను గెలవదు. మగవాళ్లు వెయ్యరు" అంది. పక్కనున్న రైతు, "నాకూ ఇష్టమే, మా ఊళ్లోవాళ్లు వెయ్యరు" అన్నాడు. ఇంకో రెండు జంటలు, మొగుడూ పెళ్లాలు, అదే మాట. యాంగ్ అని ఇంకో అభ్యర్థి, ఆయన మూలలో కాలేజీ పిల్లాడు అదే మాట. నేను లెక్కపెట్టాను, ఏడుగురు. ఏడుగురు నా మొహం చూసి, వారెనే మంచిదని చెప్పి, వేరే మూలకి నడిచారు. మాకు కావలసింది ఐదుగురు!

అప్పటి నుంచీ ఈ మాట నన్ను నిద్రపోనివ్వదు. 2016లో హిల్లరీ ఓడిపోయిన భయం అది, నాకు అర్థమవుతుంది. కానీ మా మూలలోనూ మగవాళ్లు చాలామందే నిలబడ్డారు. ఎవరికి వాళ్లు తమకు నచ్చిన మనిషికి కాకుండా, పక్కింటివాడికి నచ్చుతాడని ఊహించిన మనిషికి వేస్తే, ఇక ఆ గదిలో ఎవరు ఎవరికి వేసినట్టు? ఏడాది పాటు అంతమంది అభ్యర్థుల్ని ఊరూరా తిప్పి, ప్రశ్నలడిగి, పోల్చి, ఆఖరి పావుగంటలో ఆ పోలికంతా పక్కన పెట్టేసి జోస్యం చెప్పుకోవడం ఏమిటి? మన దగ్గర కూడా అంతే కదా. "మంచోడే గానీ గెలవడు, ఓటు వేస్ట్ అవుతుంది" అని మీలో ఎంతమంది అన్నారు? నేనూ ఇక్కడ ఉన్నప్పుడు అన్నదాన్నే.

పెద్దావిడ బూటజెజ్ మూలకి వెళ్లింది. నేను బస్సు గుర్తొచ్చి శాండర్స్ మూలకి వెళ్లి, ఎవరి వైపున్నామో రాసిచ్చే కార్డు మీద రెండో సంతకం పెట్టాను. ఫలితాలు పంపే కొత్త యాప్ ఆ రాత్రి మొరాయించి, అయోవా అంతా నవ్వులపాలైంది. చివరికి తలల లెక్కలో శాండర్స్, డెలిగేట్ల లెక్కలో వెంట్రుకవాసిలో బూటజెజ్. వారెన్ మూడు, బైడెన్ నాలుగు. తర్వాత వారం న్యూ హాంప్‌షైర్‌లో బైడెన్ ఐదు. అందరూ ఆయన పని అయిపోయిందన్నారు. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో నల్లజాతి ఓటర్లు తమ నాయకుడు, అక్కడి ఎంపీ జిమ్ క్లైబర్న్ మాట మీద కదిలి ఆయన్ని నిలబెట్టారు, రెండు రోజుల్లో బూటజెజ్, క్లోబుచార్ ఇద్దరూ తప్పుకుని ఆయనకే జై అన్నారు, మార్చి 3న 14 రాష్ట్రాల్లో 10 ఆయనవే. మార్చి 5న వారెన్ విరమించుకున్నారు. ఏప్రిల్ 8న శాండర్స్.

మీలో ఎవరో ఒకరు అడుగుతారు, బైడెన్ నవంబరులో గెలిచాడు కదా, మీ పెద్దావిడే కరెక్టు కదా అని. ఆలోచించాను. చాలా ఆలోచించాను. 2022 ఆగస్టులో బైడెన్ సంతకం పెట్టిన చట్టంతో మెడికేర్‌లో ఉన్న వృద్ధులకి ఇన్సులిన్ నెలకి 35 డాలర్లు దాటకూడదని వచ్చింది. 2023 జనవరిలో మా కౌంటర్ దగ్గర ఒక ముసలాయన ఆ బిల్లు చూసి తప్పు పడిందేమో మళ్లీ కొట్టమన్నాడు. ఆ సంతోషం నా కళ్లతో చూశాను, ఆ మంచి బైడెన్ ఖాతాలోదే. కానీ అదే హద్దు ప్రైవేటు ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా పెట్టాలంటే సెనేట్‌లో 60 ఓట్లు కావాలి, 57 వచ్చాయి. ముగ్గురు తక్కువ. ఇన్సులిన్ వెనక్కిచ్చిన ఆ కుర్రాడికి మెడికేర్ లేదు, ప్రైవేటు ఇన్సూరెన్సూ లేదు. ఆ చట్టం అతని దాకా రానేలేదు. వారెన్ అయితే గెలిచేవారా? చెప్పలేను, ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఆ పరీక్ష పెట్టకుండానే పేపరు దిద్దేశారు.

2024లో ఆ పోలిక కూడా లేకుండా పోయింది. బైడెన్ జూలై 21న తప్పుకునేనాటికి ప్రైమరీలన్నీ అయిపోయాయి, కమలా హారిస్‌ని డెలిగేట్లు ఎంచుకున్నారు. వేరే దారి లేదు, నిజమే. కానీ నాకు నోట్‌బుక్ తెరిచే అవసరం రాలేదు. అన్ని రాష్ట్రాల కంటే ముందు ఓటేసే తొలి స్థానం మా అయోవాకి పోయింది, ఆ మూలల్లో నిలబడే పద్ధతీ పోయి పోస్టులో కార్డులు వచ్చాయి. రాత్రి షిఫ్టు అమ్మాయి ఓటెయ్యగలిగింది, దానికి సంతోషమే.

మాస్టారు గడియారం చూస్తున్నారు. ఈ నోట్‌బుక్ ముందు వరుస నుంచి వెనక్కి పంపుతున్నాను, ఇంటర్, డిగ్రీ పిల్లలు తప్పకుండా చూడండి. ఒక్కో పేజీకి ఒక్కో మనిషి, తెలుగులోనే రాసుకున్నాను. ఆఖరి పేజీలో ఆ ఏడుగురూ ఏ మూల నుంచి ఏ మూలకి వెళ్లారో గీతలు గీసి ఉంటాయి. పెన్సిలుతో గీసినవి, చెయ్యి తగిలితే చెరిగిపోతాయి, కాస్త జాగ్రత్తగా పట్టుకోండి.