ఇరవై ఒకటో గడి: కెర్నెల్‌ను ఏ భాషలో రాయాలి?

అందరికీ నమస్కారం.

2024 జూలై 19న హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ కాగితం ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ రోజు ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ దీనికి కారణం. ఆ సంస్థే తర్వాత వివరం బయటపెట్టింది. ప్రోగ్రామ్ అందించినవి 20 విలువలు, కొత్త ఫైలు అడిగింది 21వ విలువ. ఆ లేని గడి కోసం వెళ్లి తనది కాని మెమరీని చదివింది. మామూలు యాప్ ఈ తప్పు చేస్తే ఆ యాప్ ఒక్కటే మూతపడేది. ఈ కోడ్ నడిచింది కెర్నెల్‌లో, అంటే అన్ని ప్రోగ్రాములనూ నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో. మిగతా ప్రోగ్రాములు పడిపోతే కెర్నెల్ చూసుకుంటుంది. కెర్నెలే పడిపోతే చూసుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇలా ఉన్న గడులు దాటుతున్నామా లేదా అని సీ, సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషలు మామూలుగా చూడవు. జావా, గో, రస్ట్ చూస్తాయి. అయినా మనం రోజూ వాడే కెర్నెళ్లు ఇప్పటికీ ఎక్కువగా సీలోనే ఉన్నాయి. ఎందుకని అడిగితే అందరూ చెప్పే జవాబు వేగం. ఒకప్పుడు మెషిన్ ఆదేశాలను నేరుగా రాసే అసెంబ్లీ భాష తప్ప ఇంకేదీ కెర్నెల్‌కు పనికిరాదని కూడా ఇలాగే అనుకునేవారు. 1973లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను సీలో తిరగరాశాక ఆ మాట మెల్లగా వినపడకుండా పోయింది. కాబట్టి వేగం గురించి ఎవరైనా గట్టిగా చెబితే నేను ఒక్కటే అడుగుతాను: కొలిచారా?

కొలిచినవాళ్లు ఉన్నారు. ఎంఐటీలో కోడీ కట్లర్, ఫ్రాన్స్ కాషూక్, రాబర్ట్ మోరిస్ కలిసి బిస్కట్ అనే కెర్నెల్‌ను గో భాషలో రాసి, 2018లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 28 వేల లైన్ల గో, 1,500 లైన్ల అసెంబ్లీ, 58 సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రాములు కెర్నెల్‌ను పని అడిగే పిలుపులు). ఎంజిన్ఎక్స్, రెడిస్ లాంటి నిజమైన సర్వర్ ప్రోగ్రాములు దాని మీద నడిచాయి. ఈ మోరిస్ 1988లో ఇంటర్నెట్‌ను స్తంభింపజేసిన వార్మ్, అంటే తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి పాకే ప్రోగ్రామ్, రాసిన మోరిసే. ఆ వార్మ్ లోపలికి దూరిన దారుల్లో ఒకటి, సీలో రాసిన ఒక ప్రోగ్రామ్ తన బఫర్ (డేటా ఉంచుకునే మెమరీ ముక్క) హద్దు చూసుకోకపోవడం. ముప్పై ఏళ్ల తర్వాత అదే మనిషి పేరు ఈ పని మీద కనిపించడం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది.

వాళ్లకు తేలిన లెక్క ఇది. గార్బేజ్ కలెక్షన్ (వాడకం అయిపోయిన మెమరీని భాషే చెత్తలా ఏరడం) లాంటి భాషా సౌకర్యాలకు కెర్నెల్ సమయంలో గరిష్ఠంగా 13 శాతం ఖర్చయింది. ఒకే పనిని సీ, గో రెండు భాషల్లో దాదాపు ఒకేలా రాసి పోల్చితే గో కోడ్ 5 నుంచి 15 శాతం నెమ్మది. చెత్త ఏరుకోవడానికి ఎంజిన్ఎక్స్‌ను ఆపిన అతి పెద్ద విరామం 115 మైక్రోసెకన్లు. మరి లాభం? 2017లో లినక్స్ కెర్నెల్‌లో బయటపడిన, దాడి చేసేవాడు తన కోడ్ నడిపించుకోగల 65 లోపాలను వాళ్లు పరిశీలించారు. వాటిలో 40 మెమరీ తప్పులు, అంటే ఇలాంటి భాష అడ్డుకోగలిగేవి.

నా మట్టుకు ఈ బేరం చాలా చోట్ల గిట్టుబాటే. చదువుకునే రోజుల్లో ఒక చిన్న డ్రైవర్, అంటే ఒక పరికరాన్ని నడిపించే కెర్నెల్ కోడ్, రాస్తూ, విడిచిపెట్టేసిన మెమరీని మళ్లీ వాడాను. ఆ తప్పు పట్టుకోవడానికి పది రోజులు పట్టింది. మెషిన్ తప్పు జరిగిన చోట ఆగదు, ఎక్కడో సంబంధం లేని చోట అరగంట తర్వాత ఆగుతుంది. ఆ టెన్షన్ అనుభవించినవాళ్లకు 15 శాతం పెద్దగా అనిపించదు.

అయితే బిస్కట్ రాసినవాళ్లను నిజంగా కష్టపెట్టింది వేగం కాదు. మెమరీ నిండుకోవడం. గో భాషలో మెమరీ అడగడం చాలాసార్లు కంటికే కనపడదు, లేదని చెప్పే మార్గమూ ఉండదు. మామూలు ప్రోగ్రామ్ అయితే అక్కడితో చచ్చిపోతుంది. కెర్నెల్ అలా చేయకూడదు. సగం పనిలో, చేతిలో లాక్ (ఒక డేటాను ఇంకెవరూ ముట్టకుండా వేసే తాళం) పట్టుకుని ఆగి ఎదురుచూడనూ కూడదు. ఆ లాక్ కోసమే మరొకరు ఆగి ఉంటే ఇద్దరూ అక్కడే ఇరుక్కుపోతారు.

పెళ్లి భోజనాల్లో పెద్దవాళ్లు ఏం చేస్తారు? బంతి వేసే ముందే వంటవాణ్ణి అడుగుతారు, ఈ బంతికి సరిపడా అన్నం ఉందా అని. లేకపోతే జనాన్ని బయటే కాసేపు నిలబెడతారు. విస్తరి ముందు కూర్చోబెట్టాక అయిపోయిందని చెప్పరు. బిస్కట్ చేసిందీ ఇదే. ప్రతి సిస్టమ్ కాల్‌కు మహా అయితే ఎంత మెమరీ కావాలో కోడ్‌ను విశ్లేషించే ఒక సాధనం సాయంతో ముందే లెక్కగట్టారు. కాల్ మొదలవగానే, ఏ లాక్ పట్టుకోకముందే, అంత మెమరీ కేటాయిస్తారు. లేకపోతే అక్కడే ఆపుతారు. ఈలోగా ఎక్కువ మింగి కూర్చున్న ప్రోగ్రామ్‌ను చంపి చోటు చేస్తారు. నాకు ఆ పనిలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

రస్ట్‌ను లినక్స్‌లోకి తెచ్చేటప్పుడు కూడా ముడి ఇక్కడే పడింది. రస్ట్‌లో గార్బేజ్ కలెక్షన్ లేదు. ఏ మెమరీ ఎవరి చేతిలో ఉందో కంపైలరే (కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) తేలుస్తుంది. కానీ 2021లో మొదటి ప్రతిపాదన వచ్చినప్పుడు, మెమరీ దొరకకపోతే ప్యానిక్ అయ్యే, అంటే అక్కడికక్కడే ఆగిపోయే, పద్ధతి కెర్నెల్‌లో కుదరదని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా చెప్పారు. ఆయన చెప్పింది న్యాయమే. ఆ భాగాలను మార్చి రాశారు. 2022 డిసెంబర్‌లో వచ్చిన లినక్స్ 6.1లో రస్ట్ చేరింది. 2025 డిసెంబర్‌లో కెర్నెల్ నిర్వాహకులు సమావేశమై, ఇది ఇక ప్రయోగం కాదని తేల్చారు.

ఇప్పుడు ఆ 21వ గడి దగ్గరికి మళ్లీ వద్దాం. ఆ కోడ్ రస్ట్‌లో ఉండుంటే విమానాలు ఆగేవి కావా? మామూలు పద్ధతిలో గడి నంబర్ వేసి చదివితే రస్ట్ కూడా హద్దు దాటారని ప్యానిక్ అవుతుంది. కెర్నెల్‌లో ప్యానిక్ అంటే మళ్లీ మెషిన్ ఆగినట్టే. దాడి చేసేవాడికి తలుపు తెరుచుకోదు, అది పెద్ద తేడానే. కానీ ప్రయాణికుడు కౌంటర్ దగ్గర నిలబడే ఉంటాడు. అదే రస్ట్‌లోని గెట్ అనే పద్ధతిలో అడిగితే విలువ ఉందో లేదో జవాబు వస్తుంది. లేనప్పుడు ఏం చేయాలో రాయందే లోపలి విలువ మన చేతికి రాదు. ఆ ఫైలును పక్కనపెట్టి ముందుకు వెళ్లు అని అక్కడ ఒక లైను రాయాలి. ఆ లైను రాయాల్సింది మనమే.

కాషూక్, మోరిస్ పాఠాల కోసం తయారుచేసిన ఎక్స్‌వీ6 కెర్నెల్ సీలోనే ఉంది. చిన్నది, ఉచితం, మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. దాని కన్సోల్ డ్రైవర్ (కీబోర్డు, తెరను చూసుకునే కోడ్) ఒక్కటి రస్ట్‌లో తిరగరాసి చూడండి. రస్ట్ తనిఖీల్లో కొన్నిటిని పక్కనపెట్టే అన్‌సేఫ్ అనే మాట ఎన్నిచోట్ల తప్పనిసరిగా రాయాల్సి వచ్చిందో, ఎందుకు రాయాల్సి వచ్చిందో ఒక కాగితం మీద రాసుకుని రండి. వచ్చే వారం ల్యాబ్‌లో ఆ కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.