కర్నూలు జిల్లా అంటే ఏ కర్నూలు? లింక్డ్ డేటా ఎందుకు విస్తరించట్లేదు

[తెర మీద: రెండు పట్టికలు పక్కపక్కన]

2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనాభా 40.5 లక్షలు. అవే లెక్కలతో ఇప్పటి కర్నూలు జిల్లాకు కూడిక వేస్తే 22.7 లక్షలే. రెండూ కరెక్టే. 2022 ఏప్రిల్‌లో నంద్యాల విడిపోయింది, మిగతా 17.8 లక్షలు అటు పోయాయి. ఈ సంగతి మనకు తెలుసు. కంప్యూటర్‌కు ఎవరు చెప్పాలి?

అది చెప్పడానికే లింక్డ్ డేటా, అంటే వేరువేరు చోట్ల ఉన్న సమాచారాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యే లింకులతో కలిపే పద్ధతి. 2006లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన నియమాలు నాలుగే. ప్రతిదానికీ ఒక యూఆర్ఐ, అంటే దాన్ని మాత్రమే సూచించే గుర్తింపు పేరు ఉండాలి. అది హెచ్‌టీటీపీ చిరునామా, అంటే వెబ్‌లో తెరుచుకునే చిరునామా కావాలి. తెరిస్తే ఆర్‌డీఎఫ్ (కంప్యూటర్లు చదవగలిగే డేటా రూపం) లాంటి ప్రామాణిక రూపంలో సమాచారం రావాలి. అందులోంచి ఇతరుల డేటాకు లింకులుండాలి. అసలు చిక్కు ఈ నాలుగోదే.

[తెర మీద: పాత కర్నూలు → సేమ్‌యాజ్ → కొత్త కర్నూలు. మీద ఎర్ర గీత]

పేరు కలిసింది కదా అని చాలామంది ఇక్కడ ‘సేమ్‌యాజ్’ (రెండూ ఒకటే అని చెప్పే లింకు) పెట్టేస్తారు. అలా పెడితే ఒకదాని వివరాలన్నీ రెండోదానికీ వర్తిస్తాయని రాసిచ్చినట్టే. ఒకే జిల్లాకు ఒకే ఏడాది రెండు జనాభాలు వస్తాయి, నంద్యాల పట్టణం మళ్లీ కర్నూలు జిల్లాలో కలుస్తుంది. ఇంకొకరు మీ డేటాకు సేమ్‌యాజ్ కలిపితే తప్పు వాళ్లకూ పాకుతుంది. పాత జిల్లాకు ఒకటి, కొత్తదానికి ఒకటి, విడి యూఆర్ఐలు ఇవ్వండి. డబ్లిన్ కోర్ అనే ప్రామాణిక పదజాలంలోని ‘ఈజ్ రీప్లేస్డ్ బై’ (దీని స్థానంలో వచ్చింది) లింకుతో పాతదాన్నుంచి కర్నూలుకూ నంద్యాలకూ చెరో లింకు వేయండి. 40.5 లక్షల అంకె పాతదానికే ఉంచండి, కొత్తవాటికి మండలాల లెక్కలు కూడి రాయండి. అనంతపురం, కడపలకూ ఇదే పద్ధతి. శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు కూడా అప్పుడు వచ్చినవే.

ఇంత శ్రద్ధ ఎవరు పెడతారు? లింకు వేసే కష్టం ఒకరిది, లాభం మరొకరిది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఇదే. వెబ్ పేజీల్లోని వివరాలను కంప్యూటర్‌కు చెప్పే పదజాలం స్కీమా డాట్ ఆర్గ్ 2011లో వచ్చి బాగా నిలబడిందంటే, దాన్ని వాడిన హోటల్ వివరాలు గూగుల్ వెతుకులాటలో చక్కగా కనబడే వీలుంది కాబట్టి. అందులోనూ ఊరి పేరు దగ్గర ‘అనంతపురం’ అని వట్టి అక్షరాలే రాస్తారు, లింకు ఉండదు. ఇంకో సైట్‌లో ‘అనంతపురము’ అని ఉంటే రెండూ కలవవు.

లింకు వేసినా నిలవాలి. సైట్ మార్చినప్పుడు చిరునామాలో ‘డాట్ పీహెచ్‌పీ’ తీసేస్తే పాత లింకులన్నీ తెగిపోతాయి. అందుకే యూఆర్ఐలో సాఫ్ట్‌వేర్ ఆనవాళ్లు ఉండకూడదు. లింక్డ్ డేటాను ప్రశ్నించే భాష స్పార్కిల్. దానికి జవాబిచ్చే సర్వర్ నడపడమూ భారమే. ఎవరైనా బరువైన ప్రశ్న వేస్తే మిగతావాళ్లకు జవాబు ఆగిపోతుంది. వికీపీడియాకు తోడుగా నడిచే ఉచిత డేటా భాండారం వికీడేటా కూడా ఒక్కో ప్రశ్నకు 60 సెకన్లే ఇస్తుంది.

[తెర మీద: ఓపెన్‌రిఫైన్]

మొదలుపెట్టేవాళ్లు ఎక్సెల్ పట్టికను, పట్టికలు సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌రిఫైన్‌లో తెరిచి, ఊళ్ల నిలువు వరుసను ‘రీకన్సైల్’తో (పేర్లను సరిపోల్చే సదుపాయం) వికీడేటాకు కలపండి. రకం దగ్గర జిల్లానో పట్టణమో తప్పక ఎంచండి, లేకపోతే 2011 లెక్కల్లో 3.4 లక్షల జనాభా ఉన్న కడప పట్టణానికి, 28.8 లక్షలున్న పాత కడప జిల్లా తగులుకుంటుంది. ఆటో-మ్యాచ్ టిక్కు తీసేసి, ఒక్కో వరుసా కంటితో చూసి ఒప్పుకోండి.