సందేహించిన వాళ్లూ ఆ కొండ మీదే ఉన్నారు

(యువజన కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, సంఘ పెద్దలకు, అయ్యగారికి, అమ్మగారికి, యువతీ యువకులకు వందనాలు. నన్ను పరిచయం చేస్తూ అధ్యక్షుల వారు చెప్పిన మాటల్లో సగం నిజం కాదు, మిగతా సగం పాతబడిపోయింది. నాకు నలభై నిమిషాలు ఇచ్చారు. పరిచయాలకూ ఫొటోలకూ తొమ్మిది నిమిషాలు పోయాయి. కాబట్టి నేరుగా పనిలోకి దిగుతాను.

నాకిచ్చిన అంశం సందేహాలు, సమాధానాలు. గత ఆదివారం గుమ్మం దగ్గర ఒక అట్టపెట్టె పెట్టి, పేరు లేకుండా మీ సందేహాలు చీటీల మీద రాసి వేయమన్నారట. ముప్పై ఎనిమిది వచ్చాయి. రాత్రి మంచం మీద పరుచుకుని ఒక తరహా ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. ఆరు కట్టలయ్యాయి. ఒక్క చీటీ మాత్రం ఏ కట్టలోనూ ఇమడలేదు. అది నా చొక్కా జేబులో ఉంది. దాని సంగతి తర్వాత.

అన్నిటికన్నా లావుగా ఉన్నది బైబిలు కట్ట. ‘ఏ పుస్తకాలు ఉంచాలో, ఏవి తీసేయాలో నికేయా సభలో ఓట్లు వేసి తేల్చారట, నిజమేనా?’ అని నలుగురు అడిగారు. నిజం కాదు. 325లో నికేయాలో బిషప్పుల సభ జరిగిన మాట వాస్తవం. అక్కడి తగవు ప్రధానంగా అరియస్ అనే సంఘ గురువు బోధ మీద. కుమారుడు తండ్రితో సమానుడా, లేక సృష్టించబడినవాడా అన్నది వాళ్ల ముందున్న ప్రశ్న. ఈస్టరు ఎప్పుడు ఆచరించాలన్నదీ చర్చించారు. కొత్త నిబంధనలో ఏ పుస్తకాలుండాలన్న తీర్మానం ఆ సభ చేయలేదు. అలాగని ఆ పుస్తకాలు అట్టవేసి ఆకాశం నుంచి దిగాయని కూడా అనుకోకండి. హెబ్రీయులకు రాసిన పత్రిక మీద, ప్రకటన గ్రంథం మీద, రెండో పేతురు మీద చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. ఇప్పుడు మనం చదివే 27 పుస్తకాలూ, ఎక్కువ తక్కువలు లేకుండా, ఒకే జాబితాలో మనకు మొదట కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ రాసిన పండుగ లేఖలో.

‘చేతిరాత ప్రతుల్లో తేడాలున్నాయట’ అని ఇంకొకరు రాశారు. ఉన్నాయి. దాచడానికేముంది? మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు నాలుగో శతాబ్దపు సినాయ్ ప్రతిలో లేవు, వాటికన్ ప్రతిలోనూ లేవు. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ కథ యోహాను సువార్త తొలి ప్రతుల్లో లేదు. ఈ మాట చెబితే కొందరు పెద్దలకు కోపం వస్తుంది. కానీ ఈ తేడాలు మనకెలా తెలిశాయి? ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూశారు కాబట్టి. ఆ పనిలో కళ్లు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది విశ్వాసులే. మాంచెస్టరు గ్రంథాలయంలో అరచేతిలో ఇమిడే పపైరస్ ముక్క ఒకటి ఉంది. రోమా అధిపతి పిలాతు యేసును విచారించే ఘట్టం దాని మీద రెండు వైపులా ఉంది. అది రెండో శతాబ్దానిదని సాధారణంగా చెబుతారు. సరిగ్గా ఫలానా సంవత్సరానిదే అని వేదిక ఎక్కి గర్జించే మన ప్రసంగీకులు కొంచెం తగ్గాలి. లేని కచ్చితత్వం తెచ్చిపెట్టుకుంటే, అది బయటపడిన రోజు ఉన్న నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఇదే కట్టలో ఒక చీటీ ఉంది, చదువుతాను. ‘యోసేపు తండ్రి పేరు మత్తయిలో యాకోబు అని, లూకాలో హేలీ అని ఉంది. ఏది సరి?’

ఈ చీటీ రాసిన పిల్లవాడో పిల్లో ఎవరో గాని, నీకు నా నమస్కారం. పధ్నాలుగేళ్ల వయసులో సండే స్కూల్లో ఇదే ప్రశ్న నేనూ అడిగాను. మా మాస్టారు వెంటనే ఏమీ అనలేదు. చేతిలో ఉన్న పెన్సిల్‌ను బైబిల్లో గుర్తుగా పెట్టి, పుస్తకం మూశారు. పెన్సిల్ లావుకు పుస్తకం పూర్తిగా మూసుకోలేదు. ఆ సందు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తర్వాత నన్ను నిలబెట్టి, ‘ఈ ప్రశ్న నువ్వు అడగలేదు, సాతాను నీ నోట అడిగిస్తున్నాడు’ అన్నారు. తరగతిలో ఉన్న ఇరవై మందీ నా చుట్టూ చేరి నా కోసం ప్రార్థన చేశారు. కళ్లు మూసుకున్నాను గాని ప్రార్థన ఒక్క ముక్క వినలేదు. నా స్నేహితుడు ఒకడు మాత్రం కళ్లు తెరిచే ఉన్నాడట. బయటికి వచ్చాక నా చెవిలో, ‘అయితే యాకోబా, హేలీనా?’ అన్నాడు.

చాలా ఏళ్లకు తెలిసిందేమిటంటే, మూడో శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానస్ అనే క్రైస్తవుడు ఇదే చిక్కు గురించి ఒక లేఖ రాశాడు. సంతానం లేకుండా చనిపోయిన వాడి భార్యను సోదరుడు పెళ్లాడే మోషే ధర్మం ప్రకారం ఒకరు కన్నతండ్రి, మరొకరు చట్టం దృష్టిలో తండ్రి అని అతని సమాధానం. లూకా ఇచ్చినది మరియ వంశావళి అని తర్వాతి కాలంలో మరికొందరు అన్నారు. ఈ రెండిట్లో ఏదీ నాకు పూర్తిగా తృప్తి కలిగించలేదు, ఆ మాట మీ ముందు ఒప్పుకుంటున్నాను. నా బాధ అది కాదు. పద్దెనిమిది వందల ఏళ్ల కిందట సంఘంలోనే ఉండి, గౌరవంగా ఉత్తరాలు రాసుకుంటూ చర్చించుకున్న ప్రశ్న అది. నా దగ్గరికి వచ్చేసరికి సాతాను ప్రశ్న ఎలా అయింది? ఎవరు మార్చారు దాన్ని?

మా మాస్టారు చెడ్డవారు కాదు. ఆయనకు సమాధానం తెలియదు, అంతే. తెలియదని చెప్పడం ఆయనకు ఎవరూ నేర్పలేదు.

రెండో కట్ట పునరుత్థానం. దీన్ని ప్రయోగశాలలో పెట్టి ఋజువు చేయడం కుదరదు. చరిత్ర ఎంతవరకు వస్తుందో అంతవరకు వెళ్దాం. యేసును పొంతి పిలాతు చంపించాడన్నది క్రైస్తవులు మాత్రమే చెప్పే మాట కాదు. రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు, అదీ క్రైస్తవులంటే ఏమాత్రం గిట్టకుండా. యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా రాశాడు గాని, ఆ పేరాలో తర్వాతి క్రైస్తవ లేఖకులు చెయ్యి పెట్టారని పండితులు అంటారు. దాన్ని ఉదహరించేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పండి. ఇక కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక సిలువ తర్వాత పాతికేళ్లలోపే వచ్చింది. లేచిన ప్రభువును చూసినవాళ్ల పేర్లు వరసగా ఇస్తూ, వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారంటాడు. వెళ్లి అడగండి అన్నట్టే కదా! శిష్యులు దేహాన్ని ఎత్తుకుపోయారన్న ఆరోపణ బయటి పుస్తకాల్లో వెతకక్కర్లేదు, మత్తయి తన సువార్తలోనే రాసిపెట్టాడు. ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలు. ఆ రోజుల్లో వాళ్ల సాక్ష్యానికి విలువ తక్కువ. రెండో శతాబ్దపు విమర్శకుడు సెల్సస్ దీన్నే పట్టుకుని వెక్కిరించాడు. కల్లబొల్లి కథ అల్లేవాడెవడైనా ముందుగా పేతురునే సమాధి దగ్గర నిలబెట్టేవాడు. ఇవన్నీ కలిపినా నమ్మి తీరాలని ఎవరినీ బలవంతపెట్టలేవు. నమ్మడం తెలివితక్కువ పని కాదని చెప్పడానికి మాత్రం చాలు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటనా వ్యర్థమే, మీ విశ్వాసమూ వ్యర్థమే అని పౌలు తానే అన్నాడు. ఎక్కడ కొడితే పడిపోతుందో తానే వేలు పెట్టి చూపించాడు.

విజ్ఞానశాస్త్రం కట్ట త్వరగా ముగిస్తాను. 1633లో గెలీలియోకు శిక్ష వేయడం తప్పు, సాకులు చెప్పకండి. వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ మఠంలో సన్యాసి. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో ప్రతిపాదించిన లెమేత్ర్ కేథలిక్ గురువు. 1951లో పోపు ఆ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా వాడితే, ఆ పద్ధతి లెమేత్ర్‌కే నచ్చలేదు. నాకు అన్నిటికంటే నచ్చేది ఆ నచ్చకపోవడం.

నాలుగోది సంఘం చేసిన పాపాల గురించి. 1099లో యెరూషలేములో క్రూసేడు సైనికులు చేసిన ఊచకోతను సమర్థించే నోరు నాకు లేదు. బానిసల వ్యాపారాన్ని వాక్యం చూపించి సమర్థించినవాళ్లు ఉన్నారు, అదే వాక్యం పట్టుకుని దాన్ని ఆపడానికి పోరాడినవాళ్లూ ఉన్నారు. ఈ కట్టలో మన సంఘం గురించే ఒక చీటీ ఉంది. చదవను. ముందు వరసల్లో ఉన్నవారిలో ఎవరికి వర్తిస్తుందో వారికి తెలుసు.

ఐదోది బాధ. దేవుడు మంచివాడూ సర్వశక్తిమంతుడూ అయితే ఈ బాధలెందుకని తొమ్మిది మంది అడిగారు. దీనికి మన దగ్గర తయారుగా ఉండే సమాధానం మనిషికి దేవుడిచ్చిన స్వేచ్ఛ. హత్యకు అది సరిపోతుంది. భూకంపానికి సరిపోదు. 1755 నవంబరు 1న లిస్బన్‌లో భూమి కంపించినప్పుడు అది సకల పరిశుద్ధుల పండుగ ఉదయం. జనం చర్చిల్లో ఉన్నారు. ఆ కప్పులు ఎవరి స్వేచ్ఛ వల్ల కూలాయి?

ఇక్కడ నేను రాసుకొచ్చిన కాగితంలో ఇంకా ఐదు వాదనలున్నాయి. వాటిని పక్కన పెడుతున్నాను. అధ్యక్షుల వారు క్షమించాలి.

సండే స్కూల్లో కళ్లు తెరిచి ఉన్న స్నేహితుడి గురించి చెప్పాను కదా. పెద్దయ్యాక వాడికి ఒక్కడే కొడుకు. తొమ్మిదేళ్లవాడు. ఆరు రోజుల జ్వరం, అంతే. పిల్లవాడు పోయిన మూడో రోజు నేను వాళ్లింటికి వెళ్లాను. అప్పటికే నాకు మంచి ప్రసంగీకుడని పేరు. గుమ్మం లోపల పిల్లవాడి బడి బూట్లు ఉన్నాయి. ఒకదానికి లేసు ముడి వేసే ఉంది. విప్పకుండానే కాలు లాగేసుకునే అలవాటు కాబోలు. నా స్నేహితుడు నేల మీద కూర్చుని ఆ ముడి విప్పుతూ ఉన్నాడు. గట్టిగా బిగిసిపోయింది, రావడం లేదు. నేను పక్కన కూర్చుని, దేవుని ప్రేమించువారికి మేలు కలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి అనే వాక్యం చెప్పాను. మంచి గొంతుతోనే చెప్పాను.

వాడు తల ఎత్తకుండా, ‘ఆ సమస్తంలో ఈ బూట్లు కూడా ఉన్నాయా?’ అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? ‘అలా అనకూడదురా, ఆ మాటలు నీవి కావు’ అన్నాను.

నా గొంతులో మా మాస్టారు మాట్లాడారు. ఇరవై ఐదేళ్లు ఎవరి మీద కోపం పెట్టుకుని తిరిగానో, ఆ మనిషిని నేనే అయ్యాను. వాడు లేసు వదిలేసి, నా కళ్లలోకి చూసి, ‘వచ్చిన పని అయిందా?’ అన్నాడు.

యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద నోరు మెదపకుండా కూర్చున్నారు. అంతవరకూ వాళ్లంత మంచి స్నేహితులు లేరు. నోరు తెరిచాకే చెడిపోయారు. వాళ్లన్న మాటల్లో చాలా వరకు మనం ఆదరణ కూడికల్లో అనేవే. చివరికి దేవుడు కోపపడింది ఎవరి మీద? తన ముఖం మీదే నిలదీసిన యోబు మీద కాదు. దేవుణ్ణి సమర్థించడానికి వచ్చినవాళ్ల మీద. నా సేవకుడైన యోబులా మీరు నన్ను గూర్చి సరైనది పలకలేదన్నాడు. ఈ మాట నేను ప్రసంగాల్లో ఎన్నోసార్లు చెప్పాను. ఆ రోజు గుమ్మం దగ్గర మాత్రం గుర్తుకు రాలేదు.

వాడు మళ్లీ సంఘానికి రాలేదు. వస్తాడని మీకు సాక్ష్యం చెప్పడానికి నేనీ కథ ఎత్తుకోలేదు. ఏటా ఆ తారీఖున వెళ్లి వాడి పక్కన కూర్చుంటాను. నేను ఏమీ మాట్లాడను. వాడు మాట్లాడితే వింటాను.

తోమాను అందరూ అనుమానపు తోమా అంటారు. బాప్తిస్మమిచ్చు యోహాను సంగతేమిటి? చెరసాలలో ఉండి, రావలసినవాడవు నీవేనా, మేము వేరొకరి కోసం కనిపెట్టాలా అని కబురు పంపాడు. యేసు గద్దించలేదు. స్త్రీలు కన్నవారిలో ఇతనికంటే గొప్పవాడు లేడని జనం ముందు చెప్పాడు, అదీ ఆ ప్రశ్న అడిగించిన తర్వాత. మత్తయి సువార్త ఆఖరి పుటలో, లేచిన ప్రభువు గలిలయ కొండ మీద నిలబడితే పదకొండు మందీ మొక్కారు, ‘అయితే కొందరు సందేహించిరి’ అని ఉంటుంది. ఎవరో పేర్లు లేవు. వాళ్లను కిందికి దిగమనలేదు. వెళ్లి సమస్త జనులను శిష్యులనుగా చేయండన్న మాట వాళ్లతో కూడా చెప్పాడు.

ఆరో కట్ట, ఇతర మతాలవారి రక్షణ గురించి. దాన్ని ఇవాళ విప్పను. పది నిమిషాల్లో తేల్చేసేవాళ్లంటే నాకు భయం.

ఇప్పుడు జేబులో చీటీ. రూళ్ల కాగితం, నోటు పుస్తకంలోంచి చింపింది. పైన రెండు వరసల ప్రశ్న రాసి, పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. కింద ఒక్క వాక్యం ఉంది. ‘నేను అడిగానని మా నాన్నకు తెలియకూడదు.’

కొట్టేసిన వరసలను దీపం ముందు ఎత్తి పట్టుకుంటే చదవవచ్చు. నేను పట్టుకోలేదు. చేతిరాత చూస్తే ఎవరైనా గుర్తుపడతారేమోనని అధ్యక్షుల వారికి కూడా చూపించలేదు.

నాకింకా పధ్నాలుగు నిమిషాలున్నాయి. పెద్దలకు ఒక మనవి. పిల్లల తల్లిదండ్రులు, సంఘ పెద్దలు అందరూ దయచేసి లేచి కాసేపు ఆవరణలోకి వెళ్లండి. అయ్యగారూ, మీరు కూడా. కోపగించుకోవద్దు. వెళ్లేటప్పుడు ఆ తలుపు దగ్గరగా వేయండి.