వచ్చేశాను: తర్రదెల్యస్ కథ

అందరికీ నమస్కారం. బార్సిలోనా వెళ్లొచ్చినవాళ్లు ఈ హాల్లో ఒకరిద్దరైనా ఉంటారు. మీరు దిగిన ఎయిర్‌పోర్ట్‌కి ఉన్న పేరు గమనించారా? జుజెప్ తర్రదెల్యస్. నేను ఈరోజు చెప్పేది ఆయన గురించే.

ఆయన 1899లో పుట్టారు. 1931లో కాటలాన్ రిపబ్లికన్ లెఫ్ట్ పార్టీ పెట్టినప్పటి నుంచీ అందులో ముఖ్యుడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో, బార్సిలోనా రాజధానిగా ఉన్న కాటలోనియా ప్రాంతపు స్వపరిపాలన ప్రభుత్వంలో మంత్రిగా చేశారు. ఆ ప్రభుత్వాన్ని వాళ్లు జనరలితాత్ అంటారు. 1939లో రిపబ్లిక్‌ను కూల్చి సైనిక నియంత ఫ్రాంకో గెలిచాడు, ఈయన ఫ్రాన్స్‌కి వెళ్లిపోయారు. జనరలితాత్ అధ్యక్షుడు కొంపాన్స్‌ని మరుసటి ఏడాది బార్సిలోనాలోని మొంజుయిక్ కోటలో కాల్చి చంపారు.

1954లో మెక్సికోలోని స్పానిష్ రిపబ్లిక్ రాయబార కార్యాలయంలో, ప్రవాసంలో మిగిలిన కొద్దిమంది శాసనసభ్యులు కలిసి తర్రదెల్యస్‌ని జనరలితాత్ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. దేశం లేదు, ఖజానా లేదు, పోలీసు లేడు. ఉన్నదల్లా పదవి పేరు. ఫ్రాన్స్‌లో సాన్ మర్తాన్ ల బో అనే ద్రాక్షతోటల ఊళ్లో కాపురం, డబ్బుకు ఎప్పుడూ కటకటే. ప్రవాస ప్రభుత్వం ఏర్పాటు చేయమని చాలామంది అడిగినా ఆయన ఒప్పుకోలేదు. మంత్రులను పెడితే పార్టీల మధ్య వాటాల గొడవ మొదలై, పదవికున్న కాస్త గౌరవమూ పోతుందని ఆయన లెక్క అనుకుంటాను. మొండివాడని తిట్టినవాళ్లకు లోటు లేదు. మొండివాడే, నిజమే.

ఫ్రాంకో 1975లో పోయాడు. 1977 జూన్ ఎన్నికల్లో కాటలోనియాలో సోషలిస్టులు, కమ్యూనిస్టులు ముందు నిలిచారు. మాడ్రిడ్‌కి టెన్షన్ పట్టుకుంది. అప్పుడు, వాళ్లకు పోటీగా నిలపడానికి, స్పెయిన్ ప్రధాని సువారెస్‌కి ఫ్రాన్స్‌లో ఉన్న ఈ ముసలాయన గుర్తొచ్చారు. జూన్ 27న ఇద్దరూ కూర్చున్నారు. ఒకరు ఫ్రాంకో వ్యవస్థలోనే ఎదిగిన 44 ఏళ్ల ప్రధాని, ఇంకొకరు 78 ఏళ్ల ప్రవాసి. మాటలు ఎక్కడా కలవలేదు. మీటింగ్ దాదాపు చెడిపోయినట్టే.

బయట విలేకరులు కాచుకుని ఉన్నారు. ఆయన వాళ్ల ముందుకొచ్చి, చర్చలు చాలా బాగా జరిగాయని చెప్పేశారు! అది విన్నాక సువారెస్ ఇక కాదని ఎలా అంటాడు? నాకైతే ఆయన రాజకీయ జీవితం మొత్తానికి గొప్ప ఘట్టం ఇదే. అబద్ధం అంటారా, అనండి. రెండు రోజులకు స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ కూడా ఆయన్ని కలిశారు. సెప్టెంబర్ 29న జనరలితాత్‌ను తిరిగి నిలబెడుతూ ఉత్తర్వు వచ్చింది. స్పెయిన్ కొత్త రాజ్యాంగం అప్పటికింకా పుట్టనే లేదు.

అక్టోబర్ 23న ప్రభుత్వ భవనం బాల్కనీలోకి వచ్చారు. కింద చౌకు నిండా జనం. “సియుతదాన్స్ ద కతలున్యా, జా సోక్ అకీ!” అన్నారు. అంటే, కాటలోనియా పౌరులారా, ఇదిగో వచ్చేశాను. ‘కాటలాన్లారా’ అనలేదు, గమనించండి. అప్పటికి అక్కడ అండలూసియా నుంచి, ముర్సియా నుంచి పనికోసం వలస వచ్చి ఫ్యాక్టరీల్లో చేస్తున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆ ఒక్క పిలుపులో వాళ్లందరూ వచ్చేశారు. పొట్టకూటికి ఊరు దాటినవాళ్లు మన ఇళ్లల్లోనూ ఉన్నారు కదా, ఆ పిలుపు విలువ మనకి వేరే చెప్పక్కర్లేదు.

1979లో స్వపరిపాలన చట్టానికి ప్రజలు ఓటేశారు. 1980 ఎన్నికల్లో ఆయన నిలబడలేదు, జుర్ది పుజోల్ గెలిచారు. ఈయన ప్రవాసంలో అధ్యక్షుడిగా ఉన్నది 23 ఏళ్లు, పుజోల్ బార్సిలోనాలో ఏలిందీ 23 ఏళ్లే. ఇద్దరికీ పొసగలేదు. పుజోల్ విధానం కాటలాన్లను రెండుగా చీలుస్తోందని తర్రదెల్యస్ పత్రికకు బహిరంగ లేఖే రాశారు. ఆ తర్వాత స్పెయిన్ రాజు ఆయనకు మార్కీస్ అనే ప్రభువుల బిరుదు ఇచ్చారు. జీవితమంతా రిపబ్లిక్ అన్న మనిషికి! పుచ్చుకున్నారు కూడా.

1988లో పోయారు. ప్రవాసంలో దాచిన కాగితాలన్నీ పొబ్లెత్ మఠానికి అప్పగించారు. ఆ భాండాగారానికి ఉన్నది ఆయన పేరు కాదు, కూతురు మొంత్సెర్రాత్ పేరు.