మన డాబాల మీద ఎండ, గాలి

శ్రోతలందరికీ నమస్కారమండి. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల డాబాల మీద సోలార్ బిగించే పని నాది. ఎవరింటికి వెళ్లినా మొదట సబ్సిడీ ఎంతొచ్చిద్ది అనే అడుగుతారు, చెప్తా, కానీ ఈమధ్య దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా వస్తోంది, ఫోన్లో వీడియోలు చూసి, సోలార్ పక్కనే చిన్న గాలిమర కూడా పెట్టిస్తే రాత్రి కరెంటు కూడా మనదే కదండీ అని. అందుకని ఇవాళ ముందు గాలి సంగతి మాట్లాడుకుందాం.

విజయవాడ మొగల్రాజపురంలో కొండ పక్కన ఒక మాస్టారు గారింట్లో మూడో అంతస్తు పైన చిన్న విండ్ టర్బైన్ ఉంది, ఎవరో అమ్మి బిగించి వెళ్లారు. నన్ను సోలార్ కోసం పిలిచి, ముందు దాన్నే చూపించారు, "చూడు బాబూ, ఎంత చక్కగా తిరుగుతుందో" అని. నిజంగానే గిర్రున తిరుగుతోంది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కింద దాని వైర్లకి మల్టీమీటర్ పెట్టి చూస్తే 9 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీలోకి చార్జింగ్ ఎక్కాలంటే 13 దాటాలి కదా, అంటే రెక్కలు తిరుగుతున్నా బ్యాటరీలోకి ఒక్క చుక్క పోవట్లేదు. మాస్టారు గారు కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే ఇన్నాళ్లూ ఊరికే తిరుగుతోందా నాయనా" అన్నారు. నాకు భలే బాధేసింది, పెన్షన్ డబ్బులు అవి.

ఇందులో ఉన్న లెక్క తెలిస్తే ఎవరూ మోసపోరు. గాలి వేగం రెండింతలైతే అందులో ఉండే శక్తి ఎనిమిదింతలవుతుంది, సగమైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది. సెకనుకి 12 మీటర్ల గాలి ఉంటే దానికి ఎదురుగా ఉన్న ఒక చదరపు మీటరులో వెయ్యి వాట్ల శక్తి ఉంటుంది, అదే 3 మీటర్ల గాలైతే 16 వాట్లే. ఆ 16 కూడా మొత్తం మనకి దక్కదు, ఎంత గొప్ప రెక్కలైనా 59 శాతానికి మించి లాగలేవని ఆల్బర్ట్ బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వందేళ్ల కిందటే లెక్కగట్టి చూపించాడు, ఇళ్లకి పెట్టే చిన్నవాటికి పావు వంతు వస్తే ఎక్కువ. రెక్కల చక్రం రెండు మీటర్ల వెడల్పున్న టర్బైన్ ఆ 3 మీటర్ల గాలికి ఇచ్చేది పది పదిహేను వాట్లు, అంటే ఒక ఎల్ఈడీ బల్బు. దాని మీద 1 కిలోవాట్ అని రాసుంటుంది, అబద్ధం కాదు, కానీ అది సెకనుకి 11, 12 మీటర్ల గాలి వీస్తేనే వచ్చే కిలోవాట్, మన డాబా మీద అంత గాలి వచ్చిందంటే తుఫాను హెచ్చరిక ఉన్నట్టే.

మరి అనంతపురం, కర్నూలు వైపు అన్ని గాలిమరలు ఎందుకు తిరుగుతున్నాయంటే అవి ఎత్తైన ప్రదేశాలు, పైగా ఆ టవర్లు కూడా బాగా ఎత్తు, కింద ఇళ్లూ చెట్లూ అడ్డం లేవు. ఊళ్లో గాలి అపార్ట్‌మెంట్లకి కొట్టుకుని సుళ్లు తిరుగుతుంది, ఒక దిక్కున నిలవదు. చిన్న టర్బైన్ పెట్టేవాళ్లు పాటించే పద్ధతి ఏంటంటే చుట్టూ 300 అడుగుల్లో ఉన్న అన్నిటికన్నా 30 అడుగులు ఎత్తులో ఉండాలి రెక్కలు. గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ సత్యనారాయణపురంలోనో అది కుదిరే పనేనా చెప్పండి. అమెరికాలో 1888లోనే చార్లెస్ బ్రష్ అనే ఆయన తన ఇంటి పెరట్లో గాలిమర కట్టి ఇల్లంతా దీపాలు వెలిగించుకున్నాడు, కానీ దాని రెక్కల చక్రం 17 మీటర్ల వెడల్పు, వచ్చింది 12 కిలోవాట్లు, కింద నేలమాళిగ నిండా బ్యాటరీలు. సూర్యలంక, మచిలీపట్నం సముద్రం ఒడ్డున ఖాళీ పొలం ఉన్నవాళ్లు అయితే ఆలోచించొచ్చు, అదీ ముందు ఏడాది పాటు గాలి కొలిచి.

ఇప్పుడు ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అన్లేదు కదా. 1 కిలోవాట్ సోలార్ మన దగ్గర రోజుకి సగటున 4 యూనిట్లు ఇస్తుంది, నెలకి 120 అనుకోండి, చోటు ఓ వంద చదరపు అడుగులు చాలు. ఏడున్నర అడుగుల పొడవున్న ఒక్క 540 వాట్ల ప్యానెల్ మిట్టమధ్యాహ్నం 400 వాట్ల దాకా ఇస్తుంది, ఆ మాస్టారు గారి టర్బైన్ పక్కన పెట్టి చూస్కోండి.

సబ్సిడీ అన్నాం కదా, కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాట్‌కి 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు, అంతకన్నా పెద్దది పెట్టినా 78 వేలే. మూడు కిలోవాట్లకి ఖర్చు రెండు లక్షల దగ్గర్లో ఉంటుంది. సబ్సిడీ కావాలంటే లోపల ఎండని కరెంటుగా మార్చే సెల్స్ కూడా మన దేశంలో తయారైన ప్యానెళ్లే పెట్టాలి, ఐదేళ్ల మెయింటెనెన్స్ బిగించినవాళ్లే చూడాలి, ఇది కాయితం మీద రాయించుకోండి. ఇంకోటి, మన బిల్లు శ్లాబుల్లో ఉంటుంది కదా, కింద యూనిట్లు చవక, పైకి పోయేకొద్దీ మంట, సోలార్ వచ్చాక తగ్గేది ముందు ఆ పై శ్లాబు యూనిట్లే. అందుకని నెలకి 400 కాలేవాళ్లకి లాభం త్వరగా కనిపిస్తుంది, 60, 70 యూనిట్లు కాలే ఇంటికి ఆ తొందర లేదు, నా వ్యాపారం పోయినా సరే ఆ మాట చెప్తా.

అన్నిటికన్నా ఎక్కువమంది పొరపాటు పడేది కరెంటు కోత దగ్గర. బ్యాటరీ లేకుండా లైనుకి కలిపే మామూలు సోలార్ కరెంటు పోగానే ఆగిపోతుంది, ఎండ మండిపోతున్నా సరే. చెడిపోయి కాదు, కావాలనే అలా చేశారు. ఎందుకంటే కరెంటు తీసేశారు కదా అని లైన్‌మేన్ స్తంభం ఎక్కుతాడు, మన డాబా నుంచి కరెంటు వెనక్కి ఆ తీగలోకి వెళ్తే అతని ప్రాణం పోతుంది. కోతలో కూడా ఫ్యాన్ తిరగాలంటే లైనుతోపాటు బ్యాటరీకి కూడా కలిసే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టుకోవాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. ఈ సంగతి అమ్మేవాళ్లు చాలామంది డబ్బు చేతికొచ్చేదాకా చెప్పరు, అడగండి, గట్టిగా అడగండి.

ఇక నీడ. ప్యానెళ్లని ఒకదానికొకటి వరసగా కలుపుతారు, పంట కాలువలో ఒకచోట తూడు అడ్డం పడితే కింద పొలాలకి నీళ్లు తగ్గినట్టు, ఒక ప్యానెల్ మీద నీడ పడితే ఆ వరస మొత్తం దెబ్బతింటుంది. మన ఇళ్లలో వాస్తు ప్రకారం వాటర్ ట్యాంకు నైరుతి మూలే పెడతారు, చలికాలం సూర్యుడు దక్షిణానికి ఒరిగి పోతాడు కాబట్టి మధ్యాహ్నం దాటాక ఆ ట్యాంకు నీడ సరిగ్గా డాబా మధ్యలోకి సాగుతుంది. వేసవిలో వచ్చి కొలతలు తీసుకున్నవాడికి ఆ నీడ కనపడదు. ధనుర్మాసంలో మూడింటికి మీరే మేడెక్కి నీడ ఎక్కడిదాకా వచ్చిందో సుద్దముక్కతో గీత గీసుకోండి, పక్కింటి కొబ్బరిచెట్టుది కూడా. ట్యాంకు కదపమని నేను ఎవరికీ చెప్పను, ప్యానెళ్ల స్టాండు ఎనిమిది అడుగులు ఎత్తు చేస్తే చాలావరకు తప్పుతుంది, వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకోడానికి పక్కన చోటు మిగులుతుంది, పై గదిలో వేడి కూడా తగ్గుతుంది. ప్యానెళ్లు దక్షిణం వైపుకి 15, 16 డిగ్రీలు వాలితే చాలు.

మే నెలలో యూనిట్లు తగ్గాయేంటండీ అని ఫోన్లు వస్తాయి. ప్యానెల్ మీద రాసిన లెక్క 25 డిగ్రీల దగ్గర కొలిచింది, మన ఎండకి అది 65 దాకా కాలుతుంది, డిగ్రీకి మూడో వంతు శాతం చొప్పున పోయినా మొత్తం మీద 13, 14 శాతం తగ్గుతుంది, కంగారేం లేదు. కడిగేది మాత్రం పొద్దున్నే, కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు కొట్టొద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తెల్లటి చారలు కట్టి గట్టిపడిపోతాయి, తర్వాత ఎంత రుద్దినా పోవు, కృష్ణా నీళ్లు వాడి మెత్తటి గుడ్డతో తుడవండి.

చివరగా, ప్యానెళ్ల కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ ఎక్కడ పెట్టాలన్నది. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి కదా, కింద అంతస్తులో ఉన్న ఏ కరెంటు సామానూ దక్కలేదు. సింగ్‌నగరే కాదు, పల్లంలో ఉన్న ఏ ఇంట్లోనైనా సరే ఇన్వర్టర్ని, బ్యాటరీని మెట్ల గదిలో పైనే బిగించమనండి, ఎండ తగలకుండా, గాలాడేట్టు. ప్యానెళ్ల వైరు కూడా తగ్గుతుంది. ఎర్తింగ్ గుంత ఎక్కడ తీశారో, అందులో ఏం వేశారో దగ్గరుండి చూడండి, రాత్రికి సిమెంటు పూసేశాక చెప్పడానికి ఏం ఉండదు. ఉంటానండి, నమస్కారం.