నెలకు ఒక వారాంతం: నేషనల్ గార్డ్‌లో చేతి శిక్షణ, కాగితాల పని

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూనే, పార్ట్‌టైమ్ సైనిక దళమైన ఆర్మీ నేషనల్ గార్డ్‌లో మెడిక్ (గాయపడ్డవారికి తొలి చికిత్స చేసే) సార్జెంటుగా సేవ చేస్తున్న తెలుగు మిత్రులు ఈ రోజు మనతో ఉన్నారు. సార్జెంటు గారూ, నెలకు ఒక వారాంతం, ఏడాదికి రెండు వారాలు అంటారు కదా, ఆ కాలం దేనికి ఖర్చవుతుంది?

అతిథి: నమస్కారమండీ. నాలుగేసి గంటల డ్రిల్ (శిక్షణ) పూటలు ఏడాదికి 48 ఉంటాయి, ఒక్కో వారాంతానికి నాలుగు చొప్పున. వార్షిక శిబిరంతో కలిపితే మొత్తం సుమారు 39 రోజులు. ఆరోగ్య పరీక్షలు, ఎత్తూ బరువుల కొలతలు, సైబర్ భద్రత పాఠం, సామగ్రి లెక్క, కింది వారి పనితీరు నివేదికలు అన్నీ అందులోనే ఇమడాలి. హాజరు ఇచ్చాక కంప్యూటరు దగ్గర వంతు కోసం చూస్తూనే శనివారం మధ్యాహ్నం అయిపోవడం మాకు కొత్తేమీ కాదు.

వ్యాఖ్యాత: పూర్తికాల సైన్యంలో ఈ ఇబ్బంది ఉండదా?

అతిథి: అక్కడా ఉంది. 2002లో ఆర్మీ వార్ కాలేజీకి చెందిన లెనార్డ్ వాంగ్ లెక్కగట్టి చూస్తే, కంపెనీ అనే సైనిక విభాగం కమాండరుకు ఏడాదిలో శిక్షణ కోసం దొరికేవి 256 రోజులు కాగా, తప్పనిసరి ఆదేశాలకే 297 రోజులు కావలసి వచ్చింది. కాలం చాలని పనిని పూర్తయినట్టు చూపి సంతకాలు చేయడం అధికారులకు అలవాటైపోయిందని 2015లో ఆయన, అదే కాలేజీకి చెందిన స్టీఫెన్ గెరాస్ కలిసి రాశారు. ఏడాదంతా పనిచేసేవారి పరిస్థితే అదైతే, అలాంటి ఆదేశాలే 39 రోజులవారి మీద ఎంత బరువుగా పడతాయో చూడండి.

వ్యాఖ్యాత: దానివల్ల దెబ్బతినేది ఏమిటి?

అతిథి: చేతి పని. రక్తస్రావాన్ని ఆపే పట్టీ, టూర్నికే సంగతే తీసుకోండి. గాయానికి రెండు మూడు అంగుళాల పైన పట్టీ బిగించి, రక్తం ఆగేదాకా దానికున్న కడ్డీని తిప్పి, దాన్ని కొక్కెంలో ఇరికించి, బిగించిన సమయం రాయాలి. చదివితే ఇంతే. సాధనలో మాత్రం, ఎదుటి సైనికుడు నొప్పితో మూలిగేసరికి కొత్తవారు జాలిపడి తిప్పడం ఆపేస్తారు; పాదం మీద వేలు పెట్టి చూస్తే నాడి ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ వేలిని అక్కడ పెట్టించి, మరో చుట్టు తిప్పించి, నాడి ఆగడాన్ని వారికే తెలియజేయాలంటే పక్కన మనిషి ఉండాలి, తొందరలేని సమయమూ ఉండాలి. ఏ స్లయిడూ ఆ పని చేయలేదు.

వ్యాఖ్యాత: అలాగని కాగితాలను పక్కన పెట్టగలరా?

అతిథి: పెట్టకూడదండీ. నివేదిక ఆలస్యమైతే ఒకరి ప్రమోషన్ ఆగిపోవచ్చు. బీమా పత్రంలో పాత పేరే మిగిలిపోతే సైనికుడు పోయాక ఆ డబ్బు అతడు కోరని వారికి చేరవచ్చు. నేను అడిగేది ఒక్కటే: ఒంటరిగా చేయగలిగిన పనిని అందరూ ఒకచోట ఉన్న గంటల్లోకి తేవద్దు. మా విభాగంలో శనివారం ఉదయపు పూట పూర్తిగా చేతి శిక్షణదే. నివేదికల ముసాయిదాలు రెండు డ్రిల్‌ల మధ్య సిద్ధమవుతాయి.

వ్యాఖ్యాత: అంటే ఆ భారం ఇంటికి చేరినట్టే కదా?

అతిథి: చేరుతుంది, నన్ను బాధించేదీ అదే. ఇలాంటి పనికి వేతనంతో కూడిన అదనపు పూటలు ఇచ్చే ఏర్పాటు ఉన్నా, అది అందరికీ సరిపడా అందదు. పిల్లలు నిద్రపోయాక కూర్చుని రాసే సార్జెంటుకు ఆ గంటల వేతనం దక్కాలి. దానికోసం మా కమాండరును ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.